చెక్ ట్రే

ఇస్కపల్లి కాడ, ఉప్పు కయ్యలు దాటినాక
ఏడో నెంబరు గుంట నాది.
నాదంటే ఓనరుది. రాత్రి మాత్రం నాది.
మేత చల్లి, నాలుగు మూలలా చెక్ ట్రేలు దించి
రేకుల షెడ్డులో మంచం మీద పడి
ఫోను తెరిస్తే అక్కడా ఫీడే.
మా చిన్నది చెప్పింది ఆ పేరు.
"అదేంది మే, రొయ్యలకేసేది కదా" అంటే
పడీపడీ నవ్వింది.
నేను నవ్వలా.

ట్రే అంటే ఏందనుకున్నారు?
పిడికెడు మేత పెట్టి నీళ్లలో దించటం,
రెండు గంటలాగి పైకి లాగటం.
మిగలకుండా తింటే రేపు ఇంకో కిలో ఎక్కువ,
మిగిలితే కోత.
రొయ్యకు తెలీదు తనను చూస్తుండారని.
ఆకలి తీరిందనుకుంటాది.

ఒక రాత్రి డీజిలింజను బాగుచేసే వీడియో ఒకటి చూసినా.
మర్రోజు పద్దెనిమిది.
ఆ తర్వాత యాడ్నుంచి వచ్చిందో ఒక హీరోయిన్ విడాకులు.
ఆ అమ్మి ఎవరో తెలీదు, పెళ్లయిందనీ తెలీదు,
విడాకులకు మాత్రం ఒంటిగంట దాకా మేలుకున్నా.
"ఏడుస్తా చెప్పిన నిజం" అని ఎర్రక్షరాలు, పసుపు బాణం.
లోపలికి పోతే ఏడుపూ లేదు, నిజమూ లేదు.
ఎవరో తరుముతున్నట్టు ఒక గొంతు
చెప్పిందే చెప్తాది, గంట కొట్టమంటాది.
గుళ్లో గంట కొడితే పులిహోరన్నా పెడతారు.

కౌంటు సంగతి కూడా అంతే.
మా కాడ కౌంటు తగ్గేకొద్దీ రేటు.
కిలోకి ముప్పై తూగితే మారాజు,
నూరు తూగితే మేత బాకీ తీరదు.
వాళ్లకి కౌంటు పెరిగితేనే గొప్ప,
సరుకు ఎంత సన్నదైనా.
మస్తానయ్యతో అంటే
"లెక్కలెందుకన్నా, ఏరియేటర్లు చూసుకో" అన్నాడు.

చూసుకోనిది ఆ రాత్రే.
మబ్బు కమ్మి, ఆకు కదల్లా.
రెండున్నరప్పుడు ఫోన్లో దండేసిన ఫోటో.
ఇరవై ఏళ్లప్పుడు కావలి టాకీసు ముందు
ఎవరి కటౌటుకు పాల క్యాను మోసుకోని నిచ్చెనెక్కి
కిందపడి ఎడం చెయ్యి విరగ్గొట్టుకున్నానో, ఆయన.
ఇక లేరంట.
చెవుల్లో వైర్లు, వైర్లలో సన్నాయి.
వంకర తిరిగిన మోచెయ్యి పట్టుకోని ఏడ్చినా.
మాయమ్మ పోయినప్పుడు కూడా
పాడె కట్టే పనిలో ఉండి అంత ఏడవలా.

ఎంతసేపో తెలీదు.
వైరు ఊడితే విన్నా.
ఏమీ వినపడలా.
ఆరు ఏరియేటర్లలో ఒక్కటి కూడా.
ఈ పనిలో ఇంతకన్నా పెద్ద కేక ఉండదు.
టార్చి వేస్తే గుంటంతా కళ్లు,
ఎర్రగా, నీళ్ల మీదకొచ్చి,
మీసాలు పైకెత్తి, గాలి కోసం.

ఇంజను మూడోసారికి అందుకుంది.
తెల్లారి గట్టు పొడుగూతా ఏరితే రెండు గంపలు.
ఓనరుతో కరెంటు పోయిందని చెప్పినా.
అబద్ధం కాదు.
వాళ్ల వార్త మాదిరే, సగం.

ఏడు గంటలకు ఆయనే వచ్చాడు ఫోన్లోకి,
తెల్ల బనీను, చేతిలో కాఫీ గ్లాసు,
"నేను బాగానే ఉన్నా, నమ్మొద్దు" అంటా.
సంతోషమేసింది. సిగ్గేసింది.
కోపం ఎవరి మీద పడాలో తెలియక
రెండు గంపల చుట్టూ తిరిగింది.
ఆ కిందనే జనరేటర్ల ప్రకటన,
వాయిదాల మీద.
నేనెవరికీ చెప్పలేదే!
చెంగమ్మకు కూడా చెప్పలా.
ఎవడో నా ట్రే పైకి లాగి చూసుంటాడు.

ఇంకొంచెం జరిపితే
రాత్రి ఆయన్ను చంపినోళ్లే, అదే గొంతు,
"బతికొచ్చిన హీరో ఏమన్నాడో చూస్తే షాకవుతారు."
పక్కన మేత బస్తా విప్పే ఉంది.
ఎండ ఎక్కుతుండాది.
పొద్దుటి మేతకు టైము దాటిపోతుండాది.
తడి బొటనవేలు లుంగీకి తుడుచుకోని
నొక్కినా.