పేరా పదకొండు

నాంపల్లి కోర్టు గోడ వారగా
నా టైపు బల్లకు ఒక కాలు పొట్టి.
కింద పెట్టిన ఇటుకముక్క పొద్దున్నే జారింది.
ఆమె చెబుతున్నంతసేపూ బల్ల ఊగుతూనే ఉంది.

పేరు అండాలు. భర్త బాలనర్సు,
బేగంబజారులో కాటాలు బాగుచేస్తాడు.
ముల్లు వెంట్రుకవాసి వాలినా
ఎదుటి దుకాణంలోంచే పసిగడతాడట.
ఇప్పుడు ఢిల్లీలో, కటకటాల వెనక.

పందొమ్మిదో ఏట, ఎడారిలో కూలీల క్యాంపు.
నల్లా దగ్గర వంతు కోసం కొట్లాట.
చేతిలో ఉన్న పెనం విసిరాడు.
పూర్ణబహదూర్ అనే కుర్రాడికి కుడికన్ను పోయింది.
వీడు ఆ వారమే విమానం ఎక్కేశాడు.
ఇరవై రెండేళ్లు.
ఆ దేశం ఫైలు మూయలేదు.

"అప్పగింత" అని కొట్టి ఒక్క క్షణం ఆగాను.
మా ఇళ్లల్లో అప్పగింతలంటే
పిల్ల చేతులు పాలల్లో ముంచి
అత్తవారి చేతుల్లో పెట్టడం.
ఏడుస్తారు, కానీ భోజనాలు పెడతారు.

పేరా పదకొండు: కుటుంబ జీవితం.
కూతురు లహరి, తొమ్మిదేళ్లు, చెవులు వినబడవు.
బడిలో సైగలు వేరు, ఇంట్లో సైగలు వేరు.
వానకీ, చారుకీ, కోపానికీ
వాళ్ల నాన్న కనిపెట్టిన సైగలు.
ఆ భాష తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురే.
"ఒకణ్ణి పంపేస్తే భాషలో మూడోవంతు పోతుంది"
అని నేనే ఒక వాక్యం కలిపాను.
వకీలు చూసి కొట్టేశాడు.
కవిత్వం వద్దన్నాడు.

అండాలు అడిగింది:
"ఆ పూర్ణబహదూర్‌కు పిల్లలున్నరా సారూ?"
ఎనభై పేజీలూ తిరగేశాను.
అతని వయసుంది, ఆసుపత్రి చీటీ ఉంది,
పోయిన కన్ను ఎన్ని అంగుళాల గాయమో ఉంది.
పిల్లల సంగతి ఎవరూ అడగలేదు.

"అది గుడ రాయి."
"మీ కేసుకే దెబ్బ తగుల్తదమ్మా."
"తగలనీ. ఒక్క పళ్లెంలనే రాళ్లేసి
కాటా మంచిగున్నదని
మా ఆయన ఎన్నడు ముద్ర కొట్టలే."

వకీలు టీకి పోయాడు.
పన్నెండు అని అంకె వేసి
పక్కన ఖాళీ వదిలాను.
ఏం రాయాలో నాకూ తెలీదు.
పేజీకి ఇరవై, మొత్తం రెండొందల నలభై;
ఆమె కొంగుముడి విప్పి రెండుసార్లు లెక్కపెట్టింది.

ఇంతలో బల్ల ఊగడం ఆగింది.
కిందికి వంగి చూస్తే లహరి,
ఇటుకముక్క కాలి కిందికి నెట్టి
అరచేయి బోర్లించి, మెల్లగా
గాలిలో ఆపి చూపించింది.
నాకు అర్థం కాలేదు.
తల్లి వైపు చూశాను.
ఆమె చెప్పలేదు.