పల్లవుల తొట్టి

నల్ల గౌను అద్దె ఐదువందలు,
పోగొడితే రెండువేలు.
ఆ కాగితం రెండుసార్లు చదివి
చీర కుచ్చెళ్లతో పాటు గౌను అంచు కూడా ఎత్తి
బొడ్లో దోపుకుంది మా అత్త.
"ఎవురి సొమ్మో, నేలన ఈడ్చేదెందుకు!"

చేపాక్ హాల్లో ఏసీ చలి.
ఇరవై రెండేళ్ల పిల్లలు
సెల్ఫీకి తలలు ఆనించుకుంటుంటే
అరవై ఏడేళ్ల చెంగమ్మ
చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని
బస్సులో కిటికీ సీటు దొరికినదానిలా కూర్చుంది.

మైకులో "సెంగమ్మాళ్" అన్నారు.
కదల్లేదు.
మళ్లీ అన్నారు.
పక్కనమ్మాయి మోచేత్తో పొడిస్తే లేచింది.
కార్పొరేషన్ బడిలో ఇరవై ఎనిమిదేళ్లు
గంట కొట్టిన ఆయా చెయ్యి,
సాయంత్రాలు ఎవరెవరో రాసిందంతా తుడిచిన చెయ్యి
పట్టా అందుకుంది.
రెండో చెయ్యి మాత్రం, అలవాటు చొప్పున,
బల్ల మీది దుమ్మును ఒక్కసారి తుడిచింది.
నేను చూశాను.
ఫొటోలో పడలేదు.

ఆటో అయనావరం చేరేసరికి
డిగ్రీ ఊసు పోయి తోట ఊసొచ్చింది.
నాలుగు రోజులైంది.
గుమ్మిడిపూండి నుంచి చుట్టాలు, జాకెట్టు కుట్టు,
వీధి వీధంతా మైసూర్‌పాకు.
మేడ మీదికి ఒక్కరూ ఎక్కలేదు.
"పల్లవులు ఎట్టుండారో ఏమో" అంది.
ఆటో అతను అద్దంలోంచి అనుమానంగా చూశాడు.

అతనికేం తెలుసు!
బీయే చరిత్ర అత్త బల్ల ముందు చదవలేదు,
చెంబు పట్టుకుని చదివింది.
కాసిమేడు చేపల పెట్టెలో గోంగూర, పల్లవులు.
పెయింటు బకెట్లలో బెండ, వరసగా చోళులు.
పగిలిన సింకులో మిరప, రాష్ట్రకూటులు.
పిట్టగోడ పొడుగునా పాకిన కాకర విజయనగరం,
ఎందుకత్తా అంటే
"కడాకి చేదే గదా" అనేది.
తారీఖు గుర్తు రాకపోతే
ఆ పూట ఆ తొట్టికి నీళ్లు లేవు.
పాపం, రాష్ట్రకూటులు రెండుసార్లు వాడిపోయారు.
ఆ పేపరు తప్పిన రోజు
మిరప మొక్కను వేళ్లతో సహా పీకి,
చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి,
మళ్లీ అదే గుంటలో పాతింది.

గౌను అక్కడే ఇచ్చేశాం.
పట్టుచీర విప్పకుండానే మెట్లెక్కింది.

చోళులు తలలు వేలాడేశారు.
విజయనగరం పందిరి గాలికి ఒరిగి
పక్కింటి బట్టల తీగను పట్టుకుంది.
గోంగూర చివర్ల నిండా పిండినల్లి,
సున్నం కొట్టినట్టు.

మా తనుష్ వెనకే వచ్చి
"అవ్వా, ఇప్పుడు నువ్వేమవుతావు?" అన్నాడు.
పొద్దుట్నించీ అందరి నోళ్లలోనూ ఉన్న ప్రశ్నే.
వాడొక్కడికే మొహమాటం లేదు.
అవ్వ కత్తెర అడిగింది.

గోంగూరను నడుము దాకా కత్తిరించింది.
"పల్లవులు అయిపోయారా?"
వాడి మొహం బిక్కచచ్చింది.
"పల్లవమంటే చిగురురా సన్నాసీ.
అయిపోయేది పరీక్షలో.
పో, నీళ్లు తీసుకురా.
బోరు నీళ్లు గాదు, ఉప్పు. కింద డ్రమ్ములో మెట్రో నీళ్లు."

పట్టా ఫైలు పిట్టగోడ మీద ఉంది,
ఎగిరిపోకుండా దాని మీద తొళ్లిక.
కాసేపటికి తొళ్లిక కావలసొచ్చి
ఫైలు తీసి నా చేతికిచ్చింది.
తెరిచి చూసుకుందామని
మళ్లీ తనే తీసుకుంది, తడిచేత్తో.

కాగితం మూల ఒక మట్టి వేలు పడింది.
మర్నాడు ఫ్రేము కట్టే అతను
గుడ్డ తీసి తుడవబోతుంటే
ఉండనీ, అన్నాను.