ట్రాక్ పదిహేడు

నువాదిబూ ఫోన్ల బజారులో నాది నాలుగడుగుల బల్ల.
ఒక ముసలి కంప్యూటరు, చిక్కుపడ్డ తీగలు,
పైన గొడుగు గుడ్డ. ఇసుకకి గొడుగు అడ్డమా!
పాటకి పది ఊగియాలు. కార్డు నిండా అయితే బేరముంటుంది.

ఆక్టోపస్ పట్టేవాళ్లు వస్తారు, ఉప్పు ఎండిన వేళ్లతో
గోరంత ముక్క అందిస్తారు.
అందులో రెండు వేల గొంతులు పోసిస్తాను.
ఇనుపరాతి రైలు ఖాళీ పెట్టెల్లో
జువెరాత్‌కి రాత్రంతా వణుకుతూ పోయే కుర్రాళ్లకీ నేనే.
వాళ్లకి డిస్కులమ్మే కొట్టెక్కడిది?
కొట్టున్నా, డిస్కు తిప్పే యంత్రమెక్కడిది?
ఇది నా తరఫు వాదన. రోజూ నాకు నేనే వినిపించుకుంటాను.

పోయిన రంజానుకి ముందు
నేను టీకి లేచిన సందున పక్కబల్ల ఇస్లెమ్
నా ఫోల్డర్లన్నీ ఎత్తుకుపోయాడు.
మూడేళ్లు కూర్చినవి! పెళ్లివి ఒకచోట, ఏడుపువి ఒకచోట,
రైల్లో వినేవి వేరే.
గొంతు చిరిగేలా అరిచాను: దొంగ! దొంగ!
గుమ్మడికాయల దొంగ ఎవరంటే
బజారు బజారంతా భుజాలు తడుముకుంది.
నా చేయీ లేచింది.

సరిగ్గా అప్పుడొచ్చిందావిడ.
నీలి మెల్‌హఫా. గోరింట వెలిసిన చేతులు.
ఆర్దీన్ తీగలు మీటి మీటి కాయలు కాచిన వేళ్లు.
ఫోను సముద్రంలో పడిందట.
"ఒక పాట కావాలి, ఇలా ఉంటుంది" అంటూ
సన్నగా ఒక ముక్క తీసింది.

తెలుసు నాకు. ట్రాక్ పదిహేడు. గాయకులు: తెలియదు.
ఎన్ని వందలసార్లు అమ్మానో.
మధ్యలో ఎవరో టీ గ్లాసు జారవిడుస్తారు, ఒక పాప ఏడుస్తుంది.

"ఆ పాప నా మనవరాలు" అంది.
"ఇప్పుడు దానికి పదకొండేళ్లు."

పది ఊగియాలు బల్ల మీద పెట్టింది.
వద్దన్నాను.
"మరి నీ కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అంది.

కూర్చోబెట్టి టీ పోశాను. మొదటి గ్లాసు చేదుగానే తాగింది.
"పెళ్లిలో పాడితే నోట్లు మీద పడేవి.
మా అమ్మకొకసారి ఒంటెనిచ్చారు, కుంటిదే అనుకో.
తర్వాత పారిస్ నుంచి ఒకాయన వచ్చాడు.
ముందు మైకు పెట్టాడు, వెనకాలే కాగితం పెట్టాడు.
వేలిముద్ర వేశాను.
ఇక నా పాట నేను పాడాలన్నా ఆయన్నడగాలట."
"అడిగారా?"
"ఫోను నంబరు ఇచ్చి పోలేదు."

రెండో గ్లాసు.
"ఆయనా ఇవ్వలేదు, నువ్వూ ఇవ్వలేదు.
కానీ అతార్ దారిలో లారీ చెడి ఆగినప్పుడు
ఎవరో డ్రైవరు, బానెట్ కింద తల దూర్చి,
నా పాట పాడుకుంటున్నాడు. తప్పులతో.
తప్పులు దిద్దాను. నన్ను పిచ్చిదనుకున్నాడు.
అందుకని నిన్ను తిట్టలేకపోతున్నాను.
తిట్టాలని మాత్రం ఉంది."

మూడో గ్లాసుకి ఆగలేదు.
పేరడిగి, ఆవిడ చూస్తుండగా కొట్టాను:
ముల్ఖేర్ మింత్ ఖత్తార్.
అక్షరాలు రావు గనక తెర మీద వేలు పెట్టి
పొడవెంతుందో చూసుకుంది.

ఇప్పుడు టీకి లేచినా కంప్యూటరు మూయను.
ఇస్లెమ్ మళ్లీ దొంగిలించాలి, ఈసారి పేరుతో సహా.
దొంగిలించాడు కూడా. వాడి దగ్గర్నుంచి ఇంకొకడు.
అంతకు ముందే ఎడారి దాటిపోయిన కార్డుల్లో
ఆవిడింకా తెలియదు గానే పాడుతోంది.

పేరు కడుపు నింపదు, ఎరుగుదును.
ఆ ఒక్క పాటకి పదకొండు తీసుకుంటున్నాను.
పైన ఒక్కటీ పాలపొడి డబ్బాలో పడుతుంది.
ఎందుకని అడిగిన వాళ్లకి చెబుతాను, కొందరు వెళ్లిపోతారు.
ఆవిడ మళ్లీ రాలేదు.

డబ్బాలో నలభై మూడున్నాయి.
యాభై మూడుండాలి.
పంచదారకి పది తీశాను.
మూత మీద రాసిపెట్టాను.