మూడో మాట

పొట్టంగి దాటాక ఆటో ఇక ఎక్కనంది.
పుష్యమాసం, నాలుగింటి చీకటి.
ముందు దైనా ముదులి, వెనక నా ఆయాసం.
అతనివి వట్టి కాళ్ళు. విశాఖలో కొన్న నా బూట్లు
నిట్టనిలువు దారిలో జారుతున్నాయి.

"ఈ ఏడు మంచు పడిందా?"
"ఏ మంచు?" అని ఆగాడు.
కళ్ళకు అడ్డొచ్చేదానికి ఒక మాట,
గడ్డిమీది తడికి ఒక మాట ఉన్నాయట వాళ్ళకి.
మూడోది పైన చెప్తానన్నాడు.

గుగ్గిలం చెట్లు అయిపోయాయి.
గాలి మిగిలింది.
దేవమాలి నెత్తిన ఎవరో మరిచిన సత్తుగిన్నెలో
నీళ్ళు గాజుబిళ్ళై కూర్చున్నాయి.
దైనా దాన్ని రెండు వేళ్ళతో పెకలించి
నా అరచేతిలో పెట్టాడు.

చెయ్యి కాలింది.
మాట మాత్రం చెప్పలేదు.
పొద్దెక్కేలోగా అది
మణికట్టు దాటి చొక్కాలోకి కారిపోయింది.

అతను గిన్నె తుడిచి
సంచిలో వేసుకున్నాడు,
ఇంటికి పనికొస్తుందని.