సగం కాలిన బొగ్గు

మా అమ్మ పల్లాలమ్మకి గడియారం చూడ్డం రాదు.
రాజమండ్రి లోకో షెడ్డు, బూడిద గుంట పక్కన
జల్లెడ పట్టుకు కూర్చుని
అరచేతిలో ఒక ముక్క ఎగరేసి చెప్పేది:
“ఇది మెయిలు లాగిన బొగ్గు, దూదిలాగుంది.
ఇది నర్సాపురం పాసింజరుది. బరువుంది, రెండోసారి మండుద్ది.”

ఇంజను చరిత్ర ఎవరైనా ముందునుంచి చెబుతారు,
దీపం, పొగగొట్టం, కూత.
నాకు తెలిసింది కిందనుంచి.

ఎక్స్‌బీ అనేవారు దాన్ని.
లాంకషైర్లో చేసి ఓడెక్కించారట.
ముగ్గురు అక్కచెల్లెళ్ళట: ఏ చిన్నది, సీ పెద్దది,
బీ నడిమిది.
రాళ్ళూ మట్టీ కలిసిన మన ముతక బొగ్గు
అరిగించుకోవాలని
పొయ్యి వెడల్పుగా కట్టారట.
వెడల్పు పొయ్యికి వెడల్పు బూడిద.
ఆ బూడిదలో మా అన్నం.

ఫిట్టరు ఖాదర్ మొహిద్దీన్ మామ
చెవిమీద బీడీ సర్దుకుని చెప్పేవాడు:
“పరుగు పెడితే నడుం నిలవదు దీనికి.
పాములాగ అటూ ఇటూ.
నా చిన్నప్పుడు బీహారులో ఒక తెల్లారగట్ట పట్టాలు తప్పి
నూరుమందికి పైన పోయారు.
కొందరు దొరలు తప్పు పట్టాలదన్నారు,
కొందరు ఇంజనుదన్నారు.
పోయినవాళ్ళ తప్పని మాత్రం
ఎవడూ అనలేదు, అదొక్కటీ నయం.”

మన ఒండ్రు నేలకి మాత్రం నడుం ఎక్కడుంది?
కొవ్వూరు దాటితే కట్ట కింద చేలు,
చేల కింద నీళ్ళు.
ఫైర్‌మన్ ఏసుపాదం వంతెన ఎక్కగానే
పార పక్కన పెట్టి ఖానాలు లెక్కపెట్టేవాడు.
యాభై ఆరు.
మధ్యలో తప్పితే మళ్ళీ ఒకటి నుంచి.
ఈలోగా గోదావరి అయిపోయేది.

ఎక్స్‌ప్రెస్సు కోసం పుట్టింది పాసింజరుకి దిగింది.
నిడదవోలు, తణుకు, భీమవరం,
అరటి గెలల కోసం ఆగుతూ, పాల కేన్ల కోసం ఆగుతూ,
పెళ్ళిపట్టుచీర నాట్లకి కట్టుకెళ్ళినట్టు.
షెడ్డులో ముసలి డ్రైవర్లు దానికేసి చూసి
తల తిప్పుకునేవారు.

అమ్మకి మాత్రం అదే మంచి కాలం.
నిదానంగా నడిచిన ఇంజను
సగమే కాల్చి సగం వదిలేస్తుంది.
తట్ట ముప్పావలా.
ఇస్త్రీ బళ్ళవాళ్ళు పొద్దున్నే వరస.
ఆ డ్రైవర్ల చొక్కాల మీద మడత
ఆ ఇంజను నిప్పుతోనే తేలేది.
వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నాకు ఇంగ్లీషు నేర్పింది
దాని పక్కనున్న ఇత్తడి పలక.
కంపెనీ పేరులో ముందు వీ వస్తుంది,
నాకు లోకం వీతో మొదలు.
బడిలో అలాగే మొదలుపెడితే
సోమసుందరం మేష్టారు బెత్తం కింద పెట్టి మరీ నవ్వాడు.
నేనూ ఇంట్లో నడిమిదాన్నే.
అక్కది కొత్త గౌను, తమ్ముడిది కొత్త పలక,
నాది ఇత్తడిది.

వేలం పాడారు.
గ్యాసు కటింగు వాళ్ళు అనకాపల్లి నుంచి వచ్చారు.
పొయ్యి ఒక్కటే రెండు రోజులు పట్టింది,
వెడల్పు కదా.
అమ్మ ఆ రోజు కూడా జల్లెడ తీసుకునే వెళ్ళింది.
గుంట చల్లగా ఉంది.
చెయ్యి పెట్టి చూసింది,
జ్వరం తగ్గిన పిల్ల నుదురు చూసినట్టు,
చూసి, తియ్యడం మరిచిపోయింది.

“మామా,” అంది మొహిద్దీన్‌తో,
“దీన్ని చేసిన ఊళ్ళో
బూడిద గుంట దగ్గర ఆడాళ్ళుంటారా?
వాళ్ళకి తట్ట ఎంతొస్తుందో?”

మామ ఇత్తడి పలక విప్పుతున్నాడు.
మూడు మరలు వచ్చాయి,
నాలుగోది తుప్పు పట్టి తిరగట్లేదు.
చాలాసేపు దానికేసే చూసి
నాతో అన్నాడు:
“పరిగెత్తు, కాస్త కిరసనాయిలు పట్రా.”