ఎడమచేతి వాటం

మాంటెవీడియోలో, రేవు వెనక వీధిలో
పాత ఆసుపత్రి సామాన్లకు చీటీలు రాసే పని నాది.
నలభై ఒకటో పెట్టె:
డాక్టర్ ఎవారిస్తో లారాల్దె గారి మైక్రోస్కోపు,
డాక్టర్ గారి కళ్ళజోడు,
డాక్టర్ గారి చెంచా.

చెంచానా?
అవును, సూపు తాగే మామూలు రేకు చెంచా.
"కుక్క పేగులు గీకడానికి" అని పాత చీటీ.

గొర్రెల దేశం మాది.
గొర్రెను కోస్తే పాడైన కార్జం కుక్కకు విసిరేవాళ్ళు.
కుక్క పేగుల్లో నువ్వుగింజంత పురుగు.
ఆ కుక్కను కావలించుకుని పడుకున్న పిల్లాడికి
ఏళ్ళ తర్వాత పక్కటెముకల కింద
నారింజకాయంత నీటిబుడగ.
మా జిల్లాలో ఆరువందల పన్నెండు కుక్కల్ని కోసి
లెక్క తేల్చిన మహానుభావుడని ఆయన గురించి బళ్ళో చెప్పారు.
కూడలిలో విగ్రహం కూడా ఉంది.
పావురాలకు అదంటే ఇష్టం.

చెంచాను దీపం కింద పెట్టి చూశాను.
కుడి అంచు అరిగిపోయింది.

నాది ఎడమచేతి వాటం.
మా వంటింట్లో నా గరిటెలన్నీ అటే అరుగుతాయి,
మా అత్తగారి గరిటెలు ఇటు.
ఫోటోల్లో డాక్టరు కుడిచేత్తో కత్తి పట్టుకున్నాడు,
కుడిచేత్తో కలం పట్టుకున్నాడు.
మీసం మీదికి వెళ్ళిన చెయ్యి కూడా కుడిదే.

నోటుపుస్తకాలు దింపాను.
ముగింపులన్నీ ఏటవాలు రాతలో, శుభ్రంగా.
లెక్కలన్నీ వేరే రాత,
తడి సిరా మీద అరచెయ్యి పాకినట్టు
ప్రతి వరుసా అలుక్కుపోయి:

"నల్లది. ఆడది. ముసలిది. రెండువేల నూట పది.
ఫౌస్తో వాళ్ళ కుక్క. మంచిది."

"నిమ్మకాయతో కడిగినా వాసన పోలేదు.
పాప పాలు తాగలేదు."

"ఈ వారం నాలుగే. నడుము."

అచ్చయిన వ్యాసం చివర, చిన్న అక్షరాల్లో,
శుభ్రప్రతి రాసిన భార్యకు కృతజ్ఞతలు.
పేరు లేదు.
పేరు మందుల కొట్టు రసీదు మీద దొరికింది,
రెండు సీసాల ఫినాయిలు కింద:
బెనిగ్నా ఎచార్ట్.

చేతివాటం, అనుకున్నాను.
దొంగతనానికి ఎంత మర్యాదైన మాట!
మధ్యాహ్నమంతా విగ్రహం మీద పళ్ళు నూరాను.

సాయంత్రం చిత్తుప్రతి కనబడింది.
మొదటి పుట మీద రెండు పేర్లు, పక్కపక్కనే,
ఏటవాలు రాతలో. ఆయనే రాశాడు.
రెండో పేరు మీద అడ్డగీత.
ఆ గీత
మొదటినుంచి చివరిదాకా అలుక్కుపోయి ఉంది.

చాలాసేపు కూర్చున్నాను.
ఎవరు ఏమన్నారో, ఎవరు ఏమీ అనలేదో,
ఏ విందులో ఏ ప్రొఫెసరు భార్య ముక్కు మూసుకుందో,
లేక ఆరువందల పన్నెండు ముసలి కుక్కల పక్కన
తన పేరు తనకే వద్దనిపించిందో,
గీత చెప్పదు.
ఎవరి చెయ్యో మాత్రం చెబుతుంది.

కొత్త చీటీ రాశాను:
"రేకు చెంచా. కుడి అంచు అరిగింది.
వాడినది బెనిగ్నా ఎచార్ట్."

సిరా అలుక్కుపోయిందని
మా పైఅధికారి మళ్ళీ రాయమన్నాడు.
రేపు రాస్తానన్నాను.
అది జరిగి మూడేళ్ళయింది.