మూడో పాలెం

టీవీలో సముద్రం మీద గీతలు గీస్తా ఉండారు.
ఎర్రగీత ఒకడిది, చుక్కలగీత ఇంకొకడిది,
మజ్జలో రాతిదిబ్బ, పోటుకు మునిగి పాటుకు తేలేది.
దానికి రెండు దేశాలు, రెండు పేర్లు.
"మరి మిగతా దేశాలు ఏం చెయ్యాల?" అని
టీ కొట్టు కాడ ఆర్ముగం కొడుకు అడిగినాడు.
"నిశితంగా గమనిస్తున్నాం" అన్నాడు టీవీలో టై కట్టినాయన.
నాకు నవ్వొచ్చింది.
మేమూ గమనించినాం, ఒక ఏడంతా.

మైపాడుకు ఉత్తరాన మాది దొరువుపాలెం.
అటు ఎర్రదిబ్బ, ఇటు కొరమట్ట.
వాళ్లిద్దరికీ ఒక పారు తగాదా.
పన్నెండు బారల లోతున ఎప్పుడో మునిగిన ఇనప పడవ,
దాని చుట్టూ వంజరం.
సరుగుడు తోట కొస మీద నీళ్ల ట్యాంకు నిలబడితే
మనం సరిగ్గా దాని నెత్తిన ఉన్నట్టు.
ఆ ఆనవాలు మా తాతదని వాళ్లు, కాదు మా తాతదని వీళ్లు.
ట్యాంకు కట్టి పదేళ్లు కాలా.

ఎర్రదిబ్బోళ్లవి పెద్ద ఇంజన్లు.
కొరమట్ట వలలు కోసి, రాత్రికి రాత్రే చేప తెచ్చి
మా రేవులో పోసేవాళ్లు, కిలో మీద నలభై తక్కువకి.
కాటా నాది. తూచినాను.
"మనకెందుకు, మనం ఎవురి పక్కా కాదు" అనుకుంటా
ఐసుపెట్టెలు నింపినాను.
ఆ ఏడే మా ఇంటికి సిమెంటు గచ్చు.
ఎవురి పక్కా కానిదానికి
అంత నున్నటి గచ్చు ఎట్టా వచ్చిందో
నన్ను నేను అడగలా.

కార్తీకంలో ఒక తెల్లారుజామున
కొరమట్ట పిల్లోడు, పామంజి ఏకాంబరం,
మా ఒడ్డుకు కొట్టుకొచ్చినాడు.
పంతొమ్మిదేళ్లు. మొలతాడుకి బోటు తాళంచెవి అట్టనే ఉండాది.
వాడు అటూ పోలా, ఇటూ పోలా.
మా కాడికే వచ్చినాడు.

ఆ రాత్రి దురాయి వేసినాం.
తగువు తేలేదాకా ఆ పారు చేప మా కాటా ఎక్కగూడదు,
ఎర్రదిబ్బోడు తెచ్చినా, కొరమట్టోడు తెచ్చినా.
దొరువులో నీళ్లు మాత్రం ఎవురికీ కాదనగూడదు,
గుద్దినోడి బిడ్డకైనా.
నడిసంద్రంలో ఇంజను ఆగిన పడవకి
ముందు తాడు ఇసరాల, ఆనక ఊరు అడగాల.
పంచాయితీకి ఇసక మనది, చాప మనది.
అరుపు మనది కాదు.
పాత సరంగుల్ని ఇద్దర్ని పిలిపించి
సీసపు గుండు దించి కొలిపించాల.

చెప్పినంత తేలిగ్గా ఏం జరగలా.
మూడు వారాలు కాటా పళ్లెం ఉత్తగా ఎండకి కాగింది.
ఎండు నెత్తళ్లు కూడా అయిపోయినాయి.
మా ఆడోళ్లే నన్ను తిట్టినారు.
రాత్రిపూట దొంగతనంగా కొన్నోడు నా మరిదే.
తప్పు కట్టించినాం.
ఈపొద్దుకీ వాడు మా గడప తొక్కడు.

నాలుగో వారం ఎర్రదిబ్బ నుంచి ఒక ముసలాయన
బిందె తీసుకొని నీళ్లకని వచ్చినాడు.
నీళ్లు తోడుకోని పోలా.
దొరువు గట్టున శానా సేపు కూర్చోని,
"గుండు తాడు మా కాడ కూడా ఒకటుంది, తెమ్మంటారా?" అన్నాడు.

అబ్బయా, సంద్రం పెద్దదయ్యేకొద్దీ
న్యాయం మారిపోద్దేమో, నాకు తెలీదు.
దేశాల కాటాలు ఎంత లావుంటాయో నేను చూళ్లా.
ఆ టై ఆయన్ని మాత్రం ఒకటి అడుగు:
ఆ రాతిదిబ్బ కాడ పట్టిన చేప
ఈపొద్దు ఏ రేవులో తూగతా ఉండాది?